కరకట్టకు ఇవతల మేమున్నాం: ఉద్యాన శాఖ మంత్రి గారికి ఒక లంక అరటి రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ, ఉద్యాన శాఖల మంత్రి గారికి నమస్కారాలు.

నేను గుంటూరు జిల్లా కొల్లిపర మండలంలోని ఒక కృష్ణా లంకలో అరటి పండించే రైతును. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. ముప్పై నాలుగేళ్ళుగా కర్పూర చక్కెరకేళి వేస్తున్నాను. మా నాన్న వేసిందీ అదే. వరద పరిహారం గురించీ, ధర పడిపోవడం గురించీ మా ప్రాంతం నుంచి మీకు అర్జీలు చాలానే చేరి ఉంటాయి. నేను రాస్తున్నది వేరే సంగతి. విదేశీ పళ్ళతో పోటీకి మా లంకలు సిద్ధంగా లేవు. సిద్ధపడటానికి మాకు ఉన్న సమయం కరిగిపోతోంది. ఆ సమయంలో చేయవలసిన పనిలో ఎక్కువ భాగం మీ శాఖ చేతిలోనే ఉంది.

కిందటి నెల మా బావమరిదికి ఒంట్లో బాగాలేక గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్చారు. ఉత్త చేతులతో వెళ్ళలేక గేటు ఎదుటి పళ్ళ బండి దగ్గర ఆగాను. ముందు వరుసలో ఆపిల్ పళ్ళు ఉన్నాయి. ఒక్కొక్కదానికీ మెత్తటి వల తొడుగు, తొక్క మీద చిన్న స్టిక్కరు. పక్కన అట్టపెట్టెలో గూళ్ళు గూళ్ళుగా అమర్చిన కివీ పళ్ళు. బండి చివర, గోనెపట్టా మీద, మా చక్కెరకేళి అత్తాలు. కొన సూదిగా ఉండే ఆ కాయను నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను. తొడిమ దగ్గర జిగురు కారి ఎండిన నల్ల మరక ఉంది. కాయ నడుము మీద వేలెడు వెడల్పున నొక్కుకుపోయి నల్లబడింది. ఆ నొక్కు ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. లారీలో అడుగు వరుసలో పడిన గెలకు పడుతుంది.

"ఆపిల్ తీసుకోండి బాబాయ్ గారూ, వారమైనా చెక్కుచెదరదు. అరటిపండు రేపటికే మెత్తబడిపోతుంది" అన్నాడు బండి అబ్బాయి. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేను అరటిపళ్ళే కొన్నాను. బేరం ముగించి చిల్లర తీసుకునేలోపు నా వెనక నిలబడిన ముగ్గురూ ఆపిల్ కొన్నారు. మా చిన్నతనంలో ఆసుపత్రికి పరామర్శకు వెళ్ళేవారి చేతిలో అరటి అత్తం ఉండేది. అది నా కళ్ళ ముందే మారిపోయింది.

ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది, దానితోపాటు వ్యవసాయ ఒప్పందం అమలులోకి వచ్చింది. 2001 ఏప్రిల్ 1 నుంచి మన దేశం దిగుమతుల పరిమాణం మీద మిగిలి ఉన్న ఆంక్షలను ఎత్తివేసింది. అంతకుముందు ఏ సరుకు ఎంత రావచ్చో నిర్ణయించే తలుపు ఒకటి ఉండేది. ఆ తర్వాత మిగిలింది సుంకం అనే కట్ట ఒక్కటే. ఆ కట్ట ఎత్తు ఏడాదికోలా మారుతుంది. అమెరికా ఆపిల్ మీద 2019లో అదనంగా వేసిన 20 శాతం సుంకాన్ని 2023లో తీసేశారు. 70 ఉన్నది మళ్ళీ 50 అయింది. హిమాచల్, కాశ్మీర్ రైతులు మొత్తుకున్నారు. మేము ఆ వార్త చదివి పేజీ తిప్పేశాం, మన పంట ఆపిల్ కాదు కదా అనుకున్నాం. పళ్ళకని ఇంటి ఇల్లాలు తీసిపెట్టే డబ్బు ఒక్కటే. ఆపిల్‌కు వెళ్ళిన ప్రతి వంద రూపాయలూ జామకో, బత్తాయికో, అరటికో రావలసినవి. ఆ సంగతి మాకు అప్పుడు తోచలేదు.

ఈ రోజు గుంటూరు బజారులో విదేశీ అరటి లేదు. నేను లేని భయం పుట్టించదలచుకోలేదు. ప్రపంచంలో పండే అరటిలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే పండుతుంది, మన రాష్ట్రం అందులో ముందు వరుసలో ఉంది. అంత పండించినా ప్రపంచ ఎగుమతుల్లో మన వాటా చాలా చిన్నది. అమ్మేవాళ్ళలో మొదటి పేరు ఈక్వడార్‌ది. ఫిలిప్పీన్స్ కూడా పెద్ద అమ్మకందారే. ఆ ఫిలిప్పీన్స్ ఉన్న ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మనకు 2010 నుంచి సరుకుల ఒప్పందం నడుస్తోంది. ఆ తర్వాత ఎమిరేట్స్‌తో, ఆస్ట్రేలియాతో ఒప్పందాలు అమలయ్యాయి. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలు అయ్యాయి. ప్రతి ఒప్పందంలోనూ ఏదో ఒక పంట బేరం బల్ల మీదకు వస్తుంది. ఒకసారి ఆపిల్, ఒకసారి కివీ. మా వంతు ఎప్పుడో మాకు ముందుగా ఎవరూ చెప్పరు.

మా అమ్మాయి ఉద్యాన శాస్త్రం చదువుకుంది. వరదలకు ఇల్లు మునిగి గుంటూరులో తన దగ్గర ఉన్న రోజుల్లో, అరటి మీదే బతికిన దీవుల కథలు రాత్రిపూట చదివి వినిపించేది. మాదీ దీవే కదా, నాలుగు వైపులా నీళ్ళున్న నేల. అందుకేనేమో ఆ కథలు నాకు పరాయివిగా అనిపించలేదు. వాటిలో రెండు మీకు చెప్పాలి.

మొదటిది విండ్‌వర్డ్ దీవులది. కరీబియన్ సముద్రంలో డొమినికా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా అనే చిన్న చిన్న దేశాలు. కొండ వాలుల్లో రెండెకరాలు, మూడెకరాల అరటి తోటలు. పని చేసేది ఇంటిల్లిపాదీ. 1950ల నుంచి వాళ్ళ పండు బ్రిటన్‌కు వెళ్ళేది. వారానికో ఓడ వచ్చేది, వారం వారం ఇంటికి డబ్బు వచ్చేది. ఆ డబ్బుతోనే పిల్లలు చదువుకున్నారు, ఇళ్ళకు పైకప్పులు వేసుకున్నారు. పాత వలసల బంధం వల్ల బ్రిటన్ వాళ్ళ పండుకు ప్రత్యేకంగా చోటిచ్చింది. 1993లో ఐరోపా అంతా ఒకే మార్కెట్ అయినప్పుడు కూడా కోటాల రూపంలో ఆ రక్షణ కొనసాగింది.

రక్షణ శాశ్వతం అనుకోవడం దగ్గరే కథ తిరిగింది. లాటిన్ అమెరికాలో వేల ఎకరాల తోటలున్న కంపెనీల పండు వాళ్ళ పండుకన్నా చాలా చవక. 1996లో అమెరికా, ఈక్వడార్, గ్వాటెమాలా, హోండురాస్, మెక్సికో కలిసి ఐరోపా కోటాల మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1997లో తీర్పు ఐరోపాకు వ్యతిరేకంగా వచ్చింది. అమెరికా నేలలో వ్యాపారానికి పనికొచ్చేంత అరటి పండదు, అయినా కంపెనీల కోసం కొట్లాడింది. 2006 జనవరి నుంచి కోటాల స్థానంలో టన్నుకు 176 యూరోల సుంకం ఒక్కటే మిగిలింది. 2009 డిసెంబరులో జెనీవాలో కుదిరిన ఒప్పందం ఆ సుంకాన్ని మెట్టు మెట్టుగా 114 యూరోలకు దించింది. గొడవ మొదలైనప్పుడు ఆ దీవుల్లో ఇరవై వేలకు పైగా అరటి రైతులు ఉండేవారు. చివరికి కొన్ని వేల మంది మిగిలారు. మిగిలినవారిలో చాలామంది న్యాయ వాణిజ్యం (ఫెయిర్ ట్రేడ్) ముద్రతో, కాస్త మంచి ధర ఇచ్చే దుకాణాలను వెతుక్కుని నిలబడ్డారు. మిగతావారు తోటలు వదిలేసి పట్నాలకు, పరాయి దేశాలకు పోయారు.

ఇందులో నన్ను నిద్రపోనివ్వని విషయం ఒకటుంది. ఐరోపా ఆ రైతులకు సాయం చేయలేదని కాదు. చేసింది. దెబ్బతిన్న పది అరటి దేశాల కోసం చివర్లో 190 మిలియన్ యూరోలు పక్కన పెట్టింది. ఆ డబ్బు వచ్చే సరికి తోటలు బీళ్ళయిపోయాయి. రోడ్లు, ప్యాకింగ్ షెడ్లు, నీటి వసతి, కొత్త కొనుగోలుదారులు, ఇవన్నీ ఓడలు వారం వారం వస్తున్న రోజుల్లో, చేతిలో డబ్బు ఆడుతున్న రోజుల్లో జరగవలసిన పనులు. వరద వచ్చాక ఇసుక బస్తాలు వేసినట్టయింది.

రెండో కథ కెనరీ దీవులది. స్పెయిన్ దేశానికి చెందినవే అయినా ఆఫ్రికా తీరానికి దగ్గరగా ఉంటాయి. అక్కడా చిన్న రైతులే, నీటి ఖర్చు ఎక్కువ, కూలి ఎక్కువ. లాటిన్ అమెరికా పండుతో ధరలో పోటీ పడటం వాళ్ళ వల్ల కాదు. పైగా వాళ్ళ పండు చిన్నది, పండితే తొక్క మీద నల్లటి చుక్కలు వస్తాయి. వాళ్ళు ఆ చుక్కలనే గుర్తుగా పెట్టుకున్నారు. చుక్కలుంటే మన పండు, తియ్యగా ఉంటుంది అని స్పెయిన్ జనానికి ఏళ్ళ తరబడి చెప్పారు. విదేశీ పండును ఒక మాటతో, తమ పండును ఇంకో మాటతో పిలవడం అలవాటు చేశారు. ఐరోపా నుంచి ఏటా దాదాపు 141 మిలియన్ యూరోల సాయం వాళ్ళకు అందుతుంది. దానితో నాణ్యత, ప్యాకింగ్, సంఘాలు నిలబెట్టుకున్నారు. 2013లో వాళ్ళ పండుకు ఐరోపా భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పండుకే చెల్లుతుంది. ఇప్పటికీ వాళ్ళ పంటలో దాదాపు అంతా స్పెయిన్‌లోనే అమ్ముడవుతోంది. వాళ్ళు కాపాడుకున్నది సొంత ఇంటి బజారును.

మంత్రి గారూ, మా లంకలకు కావలసిన దారి ఈ రెండోది. మా కర్పూర చక్కెరకేళికి ఇంటి బజారు ఇప్పటికే ఉంది. తాంబూలంలో పెట్టేది ఆ పండే. సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం కలిపేది ఆ పండుతోనే. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి కింద బుట్టల్లో కనిపించేదీ అదే. కాస్త పులుపు తగిలే ఆ తీపి పొడవాటి పచ్చ అరటికి రాదు. ఏ దేశం నుంచి ఏ ఓడ వచ్చినా ఈ పండును తీసుకురాలేదు. ఇంత బలం చేతిలో ఉండి కూడా ఆసుపత్రి గేటు ముందు మేము ఓడిపోతున్నాం. రుచిలో ఓడిపోవడం లేదు. చెట్టుకూ బండికీ మధ్య ఉన్న దారిలో ఓడిపోతున్నాం. ఆ దారి ఎలా ఉంటుందో మీకు చూపించాలి.

తెల్లవారుజామున నాలుగింటికి గెలలు కొట్టడం మొదలుపెడతాం. ఒకరు చెట్టు మధ్యలో కత్తి వేస్తే బోదె మెల్లగా వంగుతుంది, రెండోవారు గెలను భుజం మీద ఆనించుకుంటారు. తొడిమ తెగగానే జిగురు కారుతుంది. ఆ జిగురును పది నిమిషాల్లో నీళ్ళతో కడిగేస్తే మచ్చ ఉండదు. కడగకపోతే రెండో రోజుకు నల్లబడుతుంది, పండినా పోదు. మాకు కడిగే తొట్టి లేదు. గెలను గట్టు మీద ఎండుటాకు పరిచి దించుతాం. అక్కడి నుంచి ట్రాక్టరు ట్రక్కు. ఇసుక బాటలో ట్రక్కు ఊగినప్పుడల్లా గెల మీద గెల ఒరుసుకుంటుంది. వానాకాలంలో పాయలో నీళ్ళుంటే పడవలోకి ఎక్కించాలి, అవతలి రేవులో దించాలి, కట్ట మీదకు మోయాలి, లారీకి ఎక్కించాలి. లారీలో నిలువునా మూడు వరుసలు పేరుస్తారు. విజయవాడలోనో గుంటూరులోనో ముఠా కూలీలు దించుతారు, మగ్గబెట్టే గదికి మోస్తారు, మళ్ళీ బండ్లకు మోస్తారు. ఒకసారి మా అమ్మాయి, నేను ఒకే గెల వెంట చివరిదాకా వెళ్ళి లెక్కపెట్టాం. చెట్టు దిగిన దగ్గర నుంచి బండి మీద పడేదాకా దాన్ని తొమ్మిదిసార్లు ఎత్తి దించారు. పచ్చిగా ఉన్నప్పుడు ఒక్క దెబ్బ కూడా కనిపించదు. పండాక తొమ్మిదీ కనిపిస్తాయి.

ఇదే రాష్ట్రంలో ఇంకో రకంగా జరగడం నేను చూశాను. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు అరటితో ప్రత్యేక రైలు వెళ్ళింది. 43 శీతల కంటైనర్లలో 980 టన్నులు. ఆ వార్త చూసి మేము ఐదుగురం రైతులం అనంతపురం జిల్లా తోటలు చూడటానికి వెళ్ళాం. అక్కడ గెలకు చిన్నప్పుడే సంచి తొడుగుతారు. కొట్టిన గెల నేలకు తగలదు, స్పాంజి పరిచిన చోట దించుతారు. తోట పక్కనే అత్తాలు విడదీసి, పటిక కలిపిన నీళ్ళలో కడిగి, తుడిచి, పదమూడు కిలోల చొప్పున అట్టపెట్టెల్లో సర్దుతారు. కంటైనరులో పదమూడు, పద్నాలుగు డిగ్రీల చల్లదనం. అంతకన్నా తగ్గినా అరటికి ప్రమాదమే, తొక్క బూడిదరంగుకు తిరుగుతుంది. నాతో వచ్చిన పెద్దాయన ఒకరు ఆ తొట్టి పక్కన కూర్చుని, కడిగిన అత్తాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, "మన పండును మనం ఎప్పుడూ ఇంత మర్యాదగా చూడలేదు" అన్నారు. అది గ్రాండ్ నైన్ అనే పచ్చ అరటి రకం, పెద్ద తోటలు, కొనేది కంపెనీలు. మాది వేరే రకం, చిన్న తోటలు. కడిగే తొట్టికి ఆ తేడా తెలియదు. నీళ్ళు ఎవరి పండునైనా ఒకేలా కడుగుతాయి.

అందుకే నా మొదటి విన్నపం ప్యాక్‌హౌస్, అంటే పళ్ళు కడిగి సర్దే షెడ్డు. లంకలో వద్దు, మునిగిపోతుంది. కరకట్ట మీద, రేవుకు దగ్గరగా, నాలుగైదు లంకలకు కలిపి ఒకటి. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రెండు నీటి తొట్లు, అత్తాలు కోసే బల్లలు, తూకం, ప్లాస్టిక్ క్రేట్లు, ఒక చల్లటి గది, ఇథిలీన్ వాయువుతో పద్ధతిగా మగ్గబెట్టే గది ఒకటి. కార్బైడు నిషేధించి ఏళ్ళు గడిచాయి. సరైన గది లేని చోట చాటుగా అది వాడుతూనే ఉంటారు, ఆ చెడ్డపేరు పండించినవాడికీ వస్తుంది. శీతల గిడ్డంగులకు, ప్యాక్‌హౌస్‌లకు రాయితీలు ఉన్నాయని నాకు తెలుసు. ఆ రాయితీ ముందు సొమ్ము పెట్టుకోగలవారికి. బ్యాంకుకు చూపడానికి కాగితం లేని లంక రైతుకు ఆ మెట్టు అందదు. రాయితీని రైతుల ఉత్పత్తిదారుల సంఘానికి ముందుగానే ఇచ్చి, పని పూర్తయ్యేదాకా మీ అధికారులు పక్కన నిలబడితే అందుతుంది.

రెండోది ఖర్చు లేని పని. గెల లెక్కన కొనడం ఆపించి కిలోల లెక్కన కొనిపించండి. ఇప్పుడు వ్యాపారి గెల చుట్టూ ఒకసారి తిరిగి, అత్తాలు చూపుతో లెక్కపెట్టి ధర చెబుతాడు. శుభ్రంగా పెంచి, సంచి తొడిగి, దెబ్బ తగలకుండా తెచ్చిన గెలకూ, ఈడ్చుకొచ్చిన గెలకూ పాతిక రూపాయలు కూడా తేడా ఉండదు. ఒక ఏడాది నేను యాభై గెలలకు సంచులు తొడిగాను. మచ్చ లేకుండా మెరిసిపోతూ దిగాయి. ఒక పెద్ద మార్కెట్‌లో కొనుగోలుదారు వాటిని మామూలు గెలల్లో కలిపి అదే ధర కట్టాడు. సంచుల ఖర్చు నాకే మిగిలింది. మరుసటి ఏడాది తొడగలేదు. తూకం, గ్రేడు, గ్రేడుకో ధర ఉన్న చోట రైతుకు నాణ్యత గురించి ఉపన్యాసం అక్కర్లేదు.

మూడోది కౌలు రైతు సంగతి. మా లంకల్లో సాగు చేసేవారిలో కౌలుదారులు చాలామంది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కార్డు ఇస్తామన్నారు. ఆ కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, అడిగితే కౌలు పోతుందేమోనని రైతు భయం. కార్డు లేకపోతే ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో పేరు సరిగా ఎక్కదు, బ్యాంకు రుణం రాదు, నష్టపోతే పరిహారం యజమాని ఖాతాకు పోతుంది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. మా తోటలు నిలువెత్తు నీళ్ళలో నానాయి. నీళ్ళు తీశాక చెట్లు పచ్చగానే కనిపించాయి, వారం తిరిగేసరికి దుంపలు కుళ్ళి ఒక్కొక్కటిగా ఒరిగాయి. నా సొంత రెండెకరాల నష్టం ఎక్కడో ఒక చోట రాసుకున్నారు. కౌలు మూడెకరాల్లో ఒరిగిన చెట్లు మాత్రం ఏ పుస్తకంలోనూ నా పేరున లేవు. కాగితం మీద లేని రైతును విదేశీ పోటీకి ఎలా సిద్ధం చేస్తారు?

ఇంకో ముప్పు గురించి కూడా రాయాలి, ఎందుకంటే అది పండుతో కాక మట్టితో వస్తుంది. వేళ్ళ నుంచి పాకి చెట్టును ఎండబెట్టే పనామా తెగులు పాత శత్రువే, మా పెద్దల కాలంలో అమృతపాణి తోటలను తుడిచిపెట్టింది అదే. దానిలో ఉష్ణమండల నాలుగో రకం అని కొత్తది ఉంది. పచ్చ అరటిని చంపుతుంది, మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది, దానికి మందు లేదు. అది బీహార్, ఉత్తరప్రదేశ్ తోటల్లో కనబడింది. 2019లో కొలంబియాకు పాకితే అక్కడ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మొక్కలు, పిలకలు, చెప్పులకంటిన మట్టి, వరద నీరు, అన్నీ దానికి వాహనాలే. మా లంకలకు ఏటా ఎక్కడెక్కడి నుంచో పిలకలు వస్తున్నాయి. ఏ తోటవో అడిగేవారు లేరు. లంకలోకి వచ్చే దారులు రెండో మూడో. దీవి కావడం వల్ల మాకు దక్కిన ఒకే ఒక సౌకర్యం అది, కాపలా సులువు. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచో, ఉద్యాన విశ్వవిద్యాలయం నుంచో పరీక్షించిన కర్పూర చక్కెరకేళి మొక్కలు మాకు అందేలా చూడండి. అనుమానం వచ్చిన చెట్టు ముక్కను పంపితే వారంలో ఫలితం చెప్పే ప్రయోగశాల జిల్లాలో ఒకటి ఉండాలి. తిరుచిరాపల్లిలోని జాతీయ అరటి పరిశోధన కేంద్రం దాకా మేము వెళ్ళలేం.

పేరు సంగతి కూడా ఆలోచించండి. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది. బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది. జళగావ్ అరటికి, నంజనగూడు రసబాళెకు ఉంది. కృష్ణా లంకల చక్కెరకేళికి ఎందుకు ఉండకూడదు? ఒండ్రు నేలలో, ఏటి గాలిలో పెరిగిన కాయకు ప్రత్యేకమైన రుచి ఉందని మేము చెబితే గొప్పలు అనుకుంటారు. విశ్వవిద్యాలయం పరీక్షించి చెప్పనివ్వండి. ఉంటే దరఖాస్తు వేయండి, లేకపోతే మేమూ ఆ మాట మానేస్తాం.

వాణిజ్య ఒప్పందాలు కేంద్రం పని, మా చేతిలో ఏముందని మీరు అనవచ్చు. నిజమే, సుంకం ఎంత ఉండాలో ఢిల్లీ నిర్ణయిస్తుంది. సాగు మాత్రం రాష్ట్రానిది. ఢిల్లీలో బేరానికి కూర్చునే అధికారి ముందు మన రాష్ట్రం నుంచి ఒక కాగితం ఉండాలి. ఏ జిల్లాలో ఏ పండు ఎన్ని కుటుంబాలకు అన్నం పెడుతోంది, ఏ పంటకు సిద్ధపడటానికి ఎన్నేళ్ళు కావాలి, సుంకం తగ్గించక తప్పకపోతే ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు అన్నది అందులో ఉండాలి. విండ్‌వర్డ్ దీవుల భవిష్యత్తు జెనీవాలో, బ్రస్సెల్స్‌లో, వాషింగ్టన్‌లో తేలిపోయింది. కొండ మీద గెల మోసే మనిషిని ఎవరూ పిలిచి అడగలేదు. మీరు ఆ కాగితం తయారు చేసేటప్పుడు మమ్మల్ని పిలవండి. గుంటూరులో ఒక రోజు, విజయవాడలో ఒక రోజు. లంక అరటి రైతులు, నూజివీడు మామిడి రైతులు, మార్కెట్ వ్యాపారులు, ముఠా కూలీలు, అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టండి. వ్యాపారులను శత్రువులుగా చూపించడం నా ఉద్దేశం కాదు. వరదల తర్వాత పిలకలకు చేబదులు ఇచ్చింది మాకు సరుకు కొనే వ్యాపారే.

సుంకం తగ్గించనే వద్దని నేను అడగడం లేదు. మన పండు దుబాయికి వెళ్ళాలంటే వాళ్ళ సరుకు మనకూ వస్తుంది, అది నాకు అర్థమవుతుంది. బజారుకు చవకగా మంచి పండు వస్తే తినే బీదవాడికి మేలే. నేను అడుగుతున్నది గడువు, ఆ గడువులో పని. ఐదేళ్ళు అనుకుందాం. మొదటి ఏడాది తూకం, కౌలు కార్డులు. రెండో ఏడాదికి కట్ట మీద తొట్లలో నీళ్ళు, లంకలో పరీక్షించిన మొక్కలు. ఆ మాత్రం జరిగితే తర్వాతి పని మేమే చేసుకుంటాం. మా లంకల్లో ఇంకా ముప్పై ఏళ్ళ లోపు కుర్రవాళ్ళు సాగులో ఉన్నారు. 2024 వరద తర్వాత వాళ్ళలో కొందరు హైదరాబాద్ వెళ్ళిపోయారు, కొందరు వెళ్ళడానికి సంచి సర్దుకుని ఉన్నారు.

ప్యాక్‌హౌస్‌కు చోటు కూడా చూశాం. మా రేవుకు ఎదురుగా కరకట్ట అవతలి వాలులో, రోడ్డును ఆనుకుని, వాడకం లేని ప్రభుత్వ గోదాము ఒకటి ఉంది. కొలిచాం, అరవై అడుగుల పొడవు, ముప్పై అడుగుల వెడల్పు. కప్పు రేకులు సగం పోయాయి, గోడలు గట్టిగానే ఉన్నాయి. 2024 వరదకు కట్ట నిలబడింది కాబట్టి దాని నేల తడవలేదు. పక్కనే త్రీఫేజ్ కరెంటు లైను, చేతిపంపు ఉన్నాయి. నాలుగు లంకల నుంచి నూట పన్నెండు మంది రైతులం సంతకాలు చేసి ఆ గోదామును మా సంఘానికి లీజుకు ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాం. అర్జీ పెట్టి పదకొండు నెలలైంది. ఏ బల్ల మీద ఉందో కనుక్కుని కదిలించండి. ఈ ఏడాది జ్యేష్ఠంలో నాటబోయే తోటల గెలలు వచ్చే ఏడాది దిగేలోపు ఆ తొట్లలో నీళ్ళు ఉండాలి.

ఇట్లు,
కొల్లిపర మండలం నుంచి ఒక లంక రైతు
గుంటూరు